పన్నెండు తక్కువ

జూన్ ముప్పై, సోమవారం, సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలు. నా నోటుపుస్తకంలో మొత్తం 3,146. కంప్యూటర్ చెప్పిన మొత్తం 3,134. పన్నెండు తక్కువ.

పైనుంచి కిందికి ఒకసారి కూడి చూశాను. కిందినుంచి పైకి ఒకసారి కూడి చూశాను. నెలవారీ మొత్తాలు విడిగా వేసి వాటిని కలిపాను. మూడుసార్లూ 3,146 వచ్చింది. అప్పుడు కంప్యూటర్‌ను మళ్ళీ అడిగాను. రెప్పపాటులో 3,134 అంది.

ఈ అంకెలు దేనివో చెప్పాలి. నాకు అరవై తొమ్మిదేళ్ళు. ముదలియార్‌పేటలో సైకిల్ సామాన్ల కొట్టు పైన, మొదటి అంతస్తులో, నలుగురం పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. ఆసుపత్రుల్లో మందులు నిలవచేసే గదుల కోసం ప్రోగ్రాం రాస్తాం. ఏ మందు ఎంత ఉంది, దేని గడువు ఎప్పుడు ముగుస్తుంది, దేన్ని ముందు వాడేయాలి అన్నది ఆ ప్రోగ్రాం చెబుతుంది. అందులో గడువు తేదీలు లెక్కకట్టే భాగం నాది. మంగళవారం, గురువారం ఆ భాగంలో మార్పులు రాస్తాను. మిగిలిన మూడు రోజులూ లెక్కలు చేతితో వేసి సరిచూస్తాను.

నలుగురు ఒకే ప్రోగ్రాంను మారుస్తున్నప్పుడు ఎవరు ఏ వరుస మార్చారో తెలియకపోతే రెండు రోజుల్లో అంతా చిక్కుపడిపోతుంది. అందుకని ప్రతి మార్పునూ చేసినవారి పేరుతో, తేదీతో, నిమిషంతో, ఒక వాక్యం వివరణతో భద్రపరిచే ఏర్పాటు ఉంటుంది. అలా భద్రపరిచిన ఒక్కొక్క మార్పును కమిట్ అంటారు. ఒక కమిట్ వెనక ఇంకొకటి, గొలుసులాగా. ఎవరైనా తప్పు చేస్తే దాన్ని చెరపరు. ఆ తప్పును తిరగేసే ఇంకో కమిట్ పెడతారు. తప్పు కనపడుతుంది, దిద్దుబాటు కూడా కనపడుతుంది. అసలు గొలుసు సర్వర్ మీద ఉంటుంది, మా నలుగురి కంప్యూటర్లలోనూ దాని పూర్తి నకలు ఉంటుంది.

ఇది నాకు కొత్త కాదు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక నూలు మిల్లు కంప్యూటర్ విభాగంలో పనిచేశాను. అక్కడ ఇదే పనికి పెద్ద అట్ట పుస్తకం ఉండేది. ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చినా అందులో రాసి సంతకం పెట్టాలి. తప్పు రాస్తే మీద అడ్డంగా ఒక్క గీత, అంతే. కింద ఉన్న అక్షరం చదవడానికి వీలుండాలి. తెల్ల రంగు పూసిన గుమాస్తాను ఒకసారి మేనేజరు మూడు రోజులు ఇంటికి పంపేశాడు.

ఆ అలవాటు పోక ఇక్కడ కూడా ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. రోజూ సాయంత్రం అయిదింటికి ఆ రోజు ఎన్ని కమిట్లు చేరాయో కంప్యూటర్‌ను అడిగి, తేదీ పక్కన ఆ అంకె రాస్తాను. వివరాలు రాయను, అవి కంప్యూటర్లో ఉన్నాయి గదా. నెలాఖరున మొత్తం కూడి, కంప్యూటర్ చెప్పే మొత్తంతో సరిపోల్చుకుంటాను.

తెలుగు అంకెలే వేస్తాను. ఆఫీసు నడిపే ఆమె, నాతో పనిచేసే అబ్బాయి, ఇద్దరివీ తెలుగు మాట్లాడే ఇళ్ళే. అబ్బాయి అంటే చిన్నవాడని కాదు, ముప్పై మూడేళ్ళవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. వాళ్ళ తాతల తాతలు కూడా ఈ తమిళ నేల మీదే పుట్టారు. తెలుగు వాళ్ళ నోట్లో ఉంది కానీ కంటికి అందదు, చదువంతా తమిళం, ఇంగ్లీషు. అందుచేత నాలుగేళ్ళుగా నేను సాయంత్రం పూట రామకోటి రాస్తున్నానని వాళ్ళు అనుకుంటూ వచ్చారు.

"ఎన్ని లక్షలైనాయి అవ్వా?" అని ఆ అబ్బాయి అడిగేవాడు.

"మూడువేలు."

"నాలుగేండ్లకి మూడువేలేనా? ఇట్ల బోతే కోటికి ఇంగా పది జన్మలు గావాల నీకు."

నేను దిద్దలేదు. నా పుస్తకం సంగతి వాళ్ళకు తెలియాల్సిన అవసరం ఏముందనుకున్నాను.

ఇప్పుడు పన్నెండు తక్కువ అన్నమాట నన్ను ఎందుకు అంతగా పట్టుకుందో చెబుతాను. మా అక్క డెబ్బై ఒకటో ఏట బియ్యం కడిగి, కడిగిన సంగతి మరిచి మళ్ళీ కడిగేది. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాను, అయిదుసార్లు. ప్రతిసారీ మొదటిసారి కడుగుతున్నంత శ్రద్ధగా కడిగింది. అది చూసిన దాన్ని కాబట్టి, ఈ ఆఫీసులో చేరిన రోజే దాన్ని నడిపే ఆమెకు ఒక మాట చెప్పాను. నా లెక్క ఏ రోజు తప్పుతుందో ఆ రోజు నుంచి నన్ను తేదీల దగ్గర కూర్చోనివ్వకు, అన్నాను. సరే పెద్దమ్మా, అంది నవ్వుతూ. నేను నవ్వలేదు.

అప్పటినుంచి నలభై ఏడు నెలాఖరులు గడిచాయి. నలభై ఏడుసార్లూ రెండు మొత్తాలూ సరిపోయాయి. నలభై ఎనిమిదోసారి పన్నెండు తేడా. కంప్యూటర్ మరిచిపోదని అందరికీ తెలుసు. అంటే జరగని వాటిని నేను రాసుకున్నాను, ఒకటి కాదు, పన్నెండు. నోటుపుస్తకంలో ఉన్నది నా చేతిరాతే, నా అంకెలే. ఆ అంకెలు వేసిన మనిషి మెలకువగానే ఉందా అన్నదే నా ప్రశ్న.

మర్నాడు మంగళవారం, పదిన్నరకు ఆఫీసు నడిపే ఆమె గదిలోకి వెళ్ళి నోటుపుస్తకం బల్ల మీద పెట్టాను.

"ఇది రామకోటి కాదు" అన్నాను. "రోజువారీ కమిట్ల లెక్క. నాలుగేళ్ళది. కంప్యూటర్లో పన్నెండు తక్కువ వస్తున్నాయి."

ఆమె పుస్తకం తెరిచింది. చదవలేని అంకెల మీద వేలు పెట్టి కిందిదాకా జరిపింది. గాజు తలుపు అవతల అబ్బాయి కుర్చీ తిప్పి ఇటే చూస్తున్నాడు.

"దినామూ రాసినావా పెద్దమ్మా? దినామూనా?"

"ఆఫీసు ఉన్న ప్రతి రోజూ."

"ఏమో, యాడో రెండుసార్లు ఎక్కిచ్చింటావు. ఎండలు గదా ఈ ఏడు. మెషిన్ మర్చిపోదు పెద్దమ్మా."

"అదే నా భయం" అన్నాను.

అబ్బాయి లోపలికి వచ్చాడు, అడక్కుండానే చేతిలో మజ్జిగ గ్లాసుతో.

"పోనీలే అవ్వా. పన్నెండేగా. మూడువేలల్లో పన్నెండు పోతే ఏందిప్పుడు?"

నాలుగేళ్ళలో అతడు నాకు మజ్జిగ తెచ్చింది లేదు. నా తప్పు పట్టుకోవడానికి ఎప్పుడూ ఎదురుచూసే మనిషి. ఒకసారి నా బస్సు టికెట్ మీద కూడిక తప్పుందేమో చూడమని ఆటపట్టించాడు. ఆ రోజు ఎగతాళి లేదు. ఇద్దరూ నా ముఖంలోకి చూడకుండా, నా భుజం దగ్గర చూస్తూ మాట్లాడారు. మా అక్కతో మేమందరం చివరి రోజుల్లో మాట్లాడిన తీరు అదే. ఆ మజ్జిగ సగమే తాగి గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

బుధవారం నాడు రోజువారీ లెక్క కంప్యూటర్ నుంచి కాగితం మీద తీసి, నోటుపుస్తకం పక్కన పెట్టి, పెన్సిలుతో ఒక్కొక్క రోజూ సరిచూశాను. మధ్యాహ్నం రెండున్నరకు పని ముగిసింది. తేడా ఉన్న రోజులు పన్నెండు. ఒక్కొక్క రోజుకు ఒక్కటే తేడా. మార్చి నాలుగు, మంగళవారం, అయిదు, బుధవారం. మార్చి ఇరవై, గురువారం; ఇరవై ఒకటి, శుక్రవారం. ఏప్రిల్ ఎనిమిది, తొమ్మిది. ఏప్రిల్ ఇరవై నాలుగు, ఇరవై అయిదు. మే పదమూడు, పధ్నాలుగు. మే ఇరవై తొమ్మిది, ముప్పై.

మతిమరుపు ఇలా రాదు. మనిషి తప్పు చేస్తే ఎక్కడపడితే అక్కడ చేస్తుంది. ఇది జతలుజతలుగా ఉంది. ఒక రోజు ఒకటి మాయం, మర్నాడు ఇంకొకటి మాయం, తర్వాత రెండు వారాలు నిశ్శబ్దం. ఇల్లు దోచుకున్నవాడు పోతూపోతూ నేల తుడిచి, చాపలు సర్ది వెళ్ళినట్టుంది. పైగా ప్రతి జతా మంగళవారమో గురువారమో మొదలవుతోంది. ఆ మంగళవారాలు, గురువారాలు ఎవరివో నాకు అప్పుడు తట్టలేదు. తట్టకపోయిందన్న సంగతి కూడా లెక్కలో రాసుకోవాలి.

నాకు తట్టింది వేరే. జూన్ పద్దెనిమిది, బుధవారం, మూడూ నలభైకి అబ్బాయి నా కంప్యూటర్ దగ్గరికి వచ్చి, "అప్‌డేట్ వెయ్యాల అవ్వా, పది నిమిషాలు లేచి టీ తాగు" అన్నాడు. మూడూ యాభై అయిదుకు మళ్ళీ కూర్చున్నాను. నాలుగేళ్ళలో నా కంప్యూటర్‌ను ఇంకొకరు ముట్టుకున్నది ఆ పదిహేను నిమిషాలే. ఆ తర్వాత రెండు రోజులకు, శుక్రవారం, మా ప్రోగ్రాం వాడే ఆసుపత్రి తరఫున ఒక ఆడిటరు వచ్చి మార్పుల చరిత్ర అంతా చూసి వెళ్ళాడు.

చరిత్రను తిరగరాయడం సాధ్యమే. సర్వర్ మీది గొలుసులో కొన్ని లంకెలు తీసి, మిగిలినవి కొత్తగా అతికించి, పాతదాని స్థానంలో పెట్టవచ్చు. కానీ నకలు ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ అదే పని చేయాలి. ఒక్కటి మిగిలినా పాత గొలుసు అందులో ఉండిపోతుంది. మాది నాలుగు కంప్యూటర్ల ఆఫీసు. జూన్ పద్దెనిమిదిన ఆఫీసులో ఉన్నవి మూడు.

నాలుగోది సముద్రం ఒడ్డున, జాలర్ల ఊరు వీరాంపట్టినంలో ఉంది. మాతో పనిచేసే తమిళ అమ్మాయి జూన్ ఆరున కాన్పు సెలవు పెట్టి పుట్టింటికి వెళ్ళింది, తన ల్యాప్‌టాప్‌తో సహా.

జూలై మూడు, గురువారం, నాలుగేళ్ళలో మొదటిసారి సెలవు పెట్టాను. ఆ పన్నెండు రోజుల పట్టికలు పన్నెండు కాగితాల మీద తీసుకుని, బిడ్డకు ఒక ఉన్ని టోపీ, తల్లికి అరటిపళ్ళు కొని బస్సెక్కాను. పదకొండూ ఇరవైకి వాళ్ళ ఇంట్లో ఉన్నాను. వీధిలో వలలు ఆరబోసి ఉన్నాయి. ఆ వేళ ఎవరూ బయట లేరు. సముద్రం కనపడదు కానీ ఇంటి గోడల్లో వినపడుతుంది. బిడ్డ పుట్టి పద్దెనిమిది రోజులు. చీర ఉయ్యాలలో నిద్రపోతోంది.

కాఫీ తాగాక అడిగాను. ఆ అమ్మాయి మాటలన్నీ తమిళమే, అవ్వా అనడానికి ఆమె వాడే పాట్టీ అన్న పిలుపు తప్ప మిగిలింది నేను తెలుగు చేసి రాస్తున్నాను.

"ల్యాప్‌టాపా? ఇప్పుడెందుకు పాట్టీ? నేను దాన్ని తెరవనే లేదు, ఆఫీసు నుంచి వచ్చిన రోజు మూసి పెట్టేశాను."

"అందుకే కావాలి. తెరిచేముందు ఇంట్లో నెట్ ఆపు. ఫోన్లో కూడా."

"ఎందుకు?"

"నెట్ తగిలితే సర్వర్ మీద ఉన్నది వచ్చి దీంట్లో కూర్చుంటుంది. జూన్ ఆరున ఉన్నది ఉన్నట్టు నాకు కావాలి."

ఆ అమ్మాయి లేచి నెట్ ఆపి వచ్చింది. ల్యాప్‌టాప్ ఇనప బీరువాలో చీరల కింద, తువ్వాలులో చుట్టి ఉంది. చార్జింగ్ పూర్తిగా దిగిపోయింది. వైరు పెట్టి నలభై నిమిషాలు కూర్చున్నాం. వాళ్ళమ్మ చేపలు శుభ్రం చేస్తూ పెరట్లోంచి మధ్యమధ్య మా వైపు చూస్తోంది. ఆ నల్ల తెర మీద కిటికీ ఊచల నీడ పడి ఉంది. ఇరవై ఏడు రోజుల కిందటి ఆఫీసు దాని లోపల కదలకుండా ఉందని నాకు అనిపించింది.

తెర వెలిగింది. జూన్ ఆరు నాటికి మొత్తం ఎంతో అడగమన్నాను. నా నోటుపుస్తకంలో ఆ రోజుకు 3,094. ఆఫీసు కంప్యూటర్లో ఆ రోజుకు 3,082.

"మూడువేల తొంభై నాలుగు" అని చదివింది ఆ అమ్మాయి.

"మళ్ళీ చదువు."

"మూడువేల తొంభై నాలుగు, పాట్టీ."

నోటుపుస్తకంలో ఆ అంకె పక్కన పెన్సిలుతో గీత పెట్టాను. జరగనిది నేను రాయలేదు. అంకె తప్పలేదు. మా అక్క దారి నాది కాదు. ఆ క్షణంలో నేను ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి సిగ్గుపడను. వాళ్ళమ్మ పెట్టిన అరటిపండు తొక్క తీసి తిన్నాను, రుచి కూడా తెలిసింది.

అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ మొత్తం సరిపోతే చాలదు, అంశాలు కూడా సరిచూడాలి, మిల్లులో నేర్చుకున్న పద్ధతి అది.

"మార్చి నాలుగు తియ్యి" అన్నాను. నా చేతిలో ఆఫీసు పట్టిక. ఆ రోజు దాంట్లో మూడు కమిట్లు. "ఒక్కొక్కటి చదువు. నేను కొట్టేసుకుంటాను."

మొదటిది చదివింది, గీత పెట్టాను. రెండోది, గీత. తర్వాత ఆ అమ్మాయి ఆగిపోయింది.

"చదువు."

"పాట్టీ, ఇది తర్వాత చూద్దామా? బిడ్డ లేస్తుంది."

బిడ్డ లేవలేదు. నేనే కళ్ళజోడు సవరించుకుని తెర మీదికి వంగాను. మొదట కనపడింది చుక్క. కమిట్ వివరణ చివర ఈ కాలంవాళ్ళు ఎవరూ చుక్క పెట్టరు, మా ఆఫీసులో నేనొక్కదాన్నే పెడతాను. "నెల చివరి తేదీ సరిచేయబడింది" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం, దాని చివర చుక్క. పక్కన నా పేరు. వేళ, ఉదయం పదకొండూ పది.

లోపల ఏముందో తెరిపించాను. నవంబరు నెలకు ముప్పై ఒక్క రోజులు వేసి ఉంది.

మార్చి అయిదున మాయమైనది ఆ అబ్బాయిది. ముందురోజు మార్పును తిరగేసిన కమిట్. రాత్రి తనంతట తాను నడిచే పరీక్షల్లో తప్పు బయటపడితే, ఉదయం వచ్చినవాళ్ళు దాన్ని వెనక్కి తిప్పేస్తారు. అలాంటి కమిట్‌లో తిప్పేసిన వాక్యం మళ్ళీ రాసి ఉంటుంది. నా వాక్యం, చుక్కతో సహా, అతడి పేరు కింద ఉంది.

పన్నెండూ చూశాను. ఆరు నావి, ఆరు వాటిని తిరగేసినవి. తిరగేసినవాటిలో మూడు అబ్బాయివి, ఒకటి ఆఫీసు నడిపే ఆమెది, రెండు నా పక్కన కూర్చున్న ఈ అమ్మాయివి. తప్పునూ దిద్దుబాటునూ జతగా తీసేస్తే ప్రోగ్రాంలో ఒక్క అక్షరం తేడా రాదు. అందుకే ఏ పరీక్షకూ అందలేదు. ఆఖరిది మే ఇరవై తొమ్మిది నాటిది. ఫిబ్రవరికి ముప్పై రోజులు. చక్కగా, ఖాళీలు కూడా సరిగ్గా వదిలి, పక్కన కారణం వివరిస్తూ రెండు వాక్యాలు రాసి ఉన్నాయి. ఆ రెండు వాక్యాలూ ఎంతో నమ్మకంగా ఉన్నాయి.

ఆరింటిలో ఒక్కటీ నాకు గుర్తు లేదు. ఏదో మసకగా ఉందని కూడా అనలేను, అసలు ఏమీ లేదు. పోలికలు నావే ఉన్న ఇంకొకామె, నా కుర్చీలో కూర్చుని, నా కళ్ళజోడు పెట్టుకుని, నా చుక్క పెట్టి వెళ్ళినట్టుంది. సాయంత్రం నేను వచ్చి ఆమె చేసిన దాన్ని కూడా లెక్కలో కలిపి అంకె వేసుకున్నాను.

"చెరిపేసింది నాకు తెలియదు పాట్టీ, బిడ్డ మీద ఒట్టు" అంది ఆ అమ్మాయి. "తిప్పేసింది మాత్రం నేనే, రెండుసార్లు. మీతో చెప్పాలని మీ బల్లదాకా వచ్చాను. మీరు తలెత్తి, నిన్న నేను ఏమీ మార్చలేదు, ఖాళీగా గడిచింది అన్నారు. నాకు భయం వేసింది. వెళ్ళిపోయాను."

ఉయ్యాల తాడు దూలం మీద కిర్రుమంటోంది. గాలికి కాబోలు.

జూలై నాలుగు, శుక్రవారం, పదింటికి ఆ ల్యాప్‌టాప్‌ను తువ్వాలుతో సహా ఆఫీసు బల్ల మీద పెట్టాను. చూడగానే ఇద్దరికీ అర్థమైంది.

"ఎవరి ఆలోచన?" అన్నాను.

"నాదే" అంది ఆఫీసు నడిపే ఆమె. "వాణ్ని ఏమీ అనొద్దు పెద్దమ్మా. నేను చెయ్యమంటే చేసినాడు."

"ఎందుకు?"

"ఆడిటరు వస్తాడు. మూడు నెలల్లో ఆరుసార్లు ఒకే చోట తప్పు, ఎవరు చేసినారని అడుగుతాడు. ఆడ నీ పేరుండాది. ఆ ముసలామెను తీసేయమంటాడు. నా నోటితో నిన్ను పొమ్మని యాడ చెప్పేది?"

"నాతో ముందే చెప్పి ఉంటే?"

ఆమె చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "మా ఇంట్ల మా జేజి, మా నాయనకి అమ్మ, కూరలో రెండుసార్లు ఉప్పేసేది. మా నాయన నీళ్ళు కలుపుకుని తినేవాడు. మేమూ కలుపుకునేవాళ్ళం. ఎవరమూ చెప్పలా. పెద్దోళ్ళకి చెప్తామా పెద్దమ్మా అట్లాంటివి? సచ్చిపోయేదాకా జేజికి తెల్దు."

"తెలుసునేమో" అన్నాను. "మీరందరూ నీళ్ళు కలుపుకుంటుంటే చూసి, తనకేమైందో ఎవరినీ అడగలేక ఊరుకుందేమో."

అబ్బాయి నేల చూస్తూ అన్నాడు: "నువ్వు రామకోటి రాస్తాండావనే అనుకున్న్యాం అవ్వా. లెక్కుందని తెలిసింటే..."

"తెలిస్తే పుస్తకాన్ని కూడా దిద్దేవాడివా?"

"నాకు తెలుగు రాదు గదా" అన్నాడు. ఆ మాటకు ముగ్గురికీ నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

నేను అడిగినవి రెండు. ఆ పన్నెండింటినీ తిరిగి వాటి చోట పెట్టాలి. ఆడిటరుకు చూపింది అసలు చరిత్ర కాదని అతడికి రాయాలి. రెండోదానికి ఆమె చాలాసేపు ఒప్పుకోలేదు. ఆసుపత్రితో ఉన్న ఒప్పందం పోతే ఆఫీసు నిలవదు, అంది. నేను చేరిన రోజు నీతో అన్న మాట గుర్తుందా, అన్నాను. నా లెక్క ఏ రోజు తప్పుతుందో ఆ రోజు అన్నాను. మార్చి నాలుగున తప్పింది. నువ్వు అప్పుడు చెప్పలేదు. నాలుగు నెలలు, ఫిబ్రవరికి ముప్పై రోజులు రాసే మనిషిని మందుల తేదీల దగ్గర కూర్చోబెట్టావు. పరీక్షలు పట్టుకున్నాయి కాబట్టి సరిపోయింది. పరీక్ష లేనిచోట నేను ఏం రాశానో నీకు తెలుసా? నాకైతే తెలియదు.

సోమవారం, జూలై ఏడు, పదకొండింటికి పాత గొలుసు సర్వర్ మీదికి తిరిగి వచ్చింది. జూన్ ఆరు తర్వాత చేసినవాటిని అబ్బాయి దాని కొసకు ఒక్కొక్కటిగా అతికించాడు. ఉత్తరం ఆమే రాసింది. ఆసుపత్రివాళ్ళు రెండు వారాలు పట్టి మళ్ళీ అంతా చూశారు. ఒప్పందం నిలిచింది, తేదీల భాగం ఇద్దరు చూసి ఒప్పుకోనిదే చేరకూడదన్న షరతుతో.

నా పేరు మీద రాసే హక్కు ఆ సోమవారమే తీయించేశాను. అబ్బాయి నా ఎదురుగా కూర్చుని, ఎంటర్ నొక్కడానికి చెయ్యి రాక అలా ఉండిపోయాడు. నేనే వెళ్ళి నొక్కాను.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈ రోజు ఏ తేదీ అని అడిగాడు. తేదీ, వారం, తిథి, నక్షత్రం చెప్పాను. వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నాడు. రెండు దగ్గరికి వచ్చేదాకా ఆగలేదు. బాగానే ఉన్నారు కదమ్మా, అన్నాడు. నాకు గుర్తు లేని ఆ ఆరు కమిట్ల కాగితాలు ఆయన ముందు పెట్టాను. ఆయన వాటిని చదివి, పెన్ను మూత పెట్టి, ఆరు నెలలకోసారి రమ్మన్నాడు.

ఆఫీసుకు మాత్రం వెళుతూనే ఉన్నాను. రాయను, చేతితో లెక్కలు వేసి ఇస్తాను. మొదటి తొమ్మిది రోజులు ఇంకో పని చేశాను. నాలుగేళ్ళలో నా పేరు మీదున్న కమిట్లన్నీ తీయించాను. 611. చివరినుంచి వెనక్కి ఒక్కొక్కటీ చదువుతూ, ఇది చేసిన రోజు గుర్తుందా అని నన్ను నేను అడిగి, కాగితం మీద రెండు వరుసలుగా వేసుకున్నాను. ఆ రోజు వాన పడిందనో, కరెంటు పోయిందనో, ఎవరో వడలు తెచ్చారనో ఏదో ఒకటి తగిలితే గుర్తున్నట్టే. గుర్తున్నవి 584. గుర్తు లేనివి 27. వాటిలో ఆరు మీకు తెలిసినవే.

మిగిలిన ఇరవై ఒకటీ సరిగ్గా ఉన్నాయి. అన్నిటికంటే పాతది పధ్నాలుగు నెలల కిందటిది. ఒక్క పొరపాటు లేదు. కొన్ని నేను మెలకువగా చేసిన వాటికంటే బాగున్నాయి. తప్పుచేసిన ఆమెను నేను ఎలాగో ఒప్పుకోగలను. ఈ పనిమంతురాలిని తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కాన్పు సెలవు ముగించుకుని ఆ అమ్మాయి డిసెంబర్ ఎనిమిది, సోమవారం తిరిగి వచ్చింది. తేదీల భాగం ఇప్పుడు ఆమెది. మూడోరోజు నన్ను పిలిచి తెర మీద ఒక వరుస చూపించింది. డబ్బా మీద నెల, సంవత్సరం మాత్రమే ఉండి రోజు లేని మందుల గడువు లెక్కకట్టే చోటు. అక్కడ ఒక రోజు తగ్గించి, వెంటనే మళ్ళీ ఒక రోజు కలిపి ఉంది.

"తీసి, కలిపి, ఏం లాభం పాట్టీ? ఉన్నచోటే ఉంటుంది కదా. ఇది ఎందుకు రాశారు?"

ఆ వరుస ఎవరిదో చూపే పట్టీలో నా పేరు ఉంది. గత ఏడాది ఒక గురువారం. ఇరవై ఒకటిలో ఒకటి.

"తీసి చూడు" అన్నాను.

ఆమె తన కంప్యూటర్లో ఆ వరుస తీసి పరీక్షలు నడిపింది. మూడు నిమిషాలు పట్టింది. పచ్చ, పచ్చ, పచ్చ, చివర ఒక్కటి తప్పి, ఎర్రగా ఆగింది. ఇద్దరం దాన్ని గంటన్నర చూశాం. ఆ వరుస లేకపోతే ఆ ఒక్కటి ఎందుకు తప్పుతోందో ఆమెకు తెలియలేదు. నాకూ తెలియలేదు. ఆమె వరుస తిరిగి పెట్టింది. ఎర్ర రంగు పోయింది.

"ఎందుకు రాశారో ఒక్క మాట పక్కన రాసిపెడతాను, చెప్పండి" అంది, వేళ్ళు మీటల మీద పెట్టి.

"నాకు తెలియదు" అన్నాను. "ఆ మాటే రాయి. ముట్టుకోవద్దని కూడా రాయి."